పడకలు లెక్కపెట్టి కట్టిన ఇళ్లలో పనికి చోటెక్కడ?

సంపాదకులకు నమస్కారం.

ఇంటి నుంచి పని అనే మాట మన పత్రికల్లో అయిదారేళ్లుగా నలుగుతూనే ఉంది. ఉద్యోగి ఎంత పని చేస్తున్నాడు, కంపెనీకి ఎంత మిగులుతోంది, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు పిలవాలి అన్న చర్చ చాలానే చదివాను. ఆ మాటలో ఉన్న ‘ఇల్లు’ సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. అది ఎంత వెడల్పుంది, దానికి కిటికీ ఉందా, ఉంటే ఎటు తెరుచుకుంటుంది, అందులో ఇంకెంతమంది ఉంటున్నారు అని అడిగినవారు అరుదు. సొంత ఊరు విడిచి నగరానికి వచ్చిన అవివాహితులకు, కుటుంబాన్ని ఊళ్లో ఉంచి ఒంటరిగా వచ్చినవారికి ఇల్లంటే హాస్టల్లో ఒక మంచం. నేను ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. అందులో దాదాపు మూడేళ్లు హైదరాబాద్‌లోని కొండాపూర్‌లో ఒక మహిళా హాస్టల్లో, ముగ్గురు పంచుకునే గదిలో, మంచం మీదే కూర్చుని పనిచేశాను. పదిమంది కలిసి ఉంటూ అక్కడే పని కూడా చేసుకునే చోట్లను మనం ఎలా కట్టుకుంటున్నామన్న విషయం మీద ఆ అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవైతే మన్నించగలరు.

మా గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. మూడు మంచాలు, మూడు ఇనుప బీరువాలు పోగా మిగిలిన నేల మీద ఒకరు నడుస్తుంటే ఇంకొకరు కాళ్లు పైకి తీసుకోవాలి. ఉన్న ఒక్క బల్ల మీద నీళ్ల కెటిల్, ఇస్త్రీపెట్టె, ముగ్గురి మందులు, దువ్వెనలు ఉండేవి. నేను సూట్‌కేసును మంచం మీద పడుకోబెట్టి దాని మీద లాప్‌టాప్ పెట్టుకునేదాన్ని. వీపు వెనక రెండు దిండ్లు. ఎదురు మంచం మీది అమ్మాయి బ్యాంకు కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం చేసేది. మూడో అమ్మాయికి రాత్రి డ్యూటీ కాబట్టి పగలంతా దుప్పటి ముఖం మీదికి లాక్కుని నిద్రపోయేందుకు ప్రయత్నించేది. ఆరు నెలలు తిరక్కుండానే నాకు మెడనొప్పి మొదలైంది. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళితే ఆవిడ నొప్పి ఎక్కడని అడగలేదు. ‘ఏ హాస్టలమ్మా?’ అని అడిగారు. ఆ వారంలో తన దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది మంచం మీద కూర్చుని పనిచేసేవాళ్లేనట.

హాస్టల్ యజమానులను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. ఈ కట్టడాలు పుట్టింది వేరే జీవితం కోసం. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు హాస్టళ్లు కోచింగ్‌కు వచ్చే పిల్లల కోసం, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపువి ఉద్యోగుల కోసం పెరిగాయి. రెండింటి లెక్కా ఒకటే: మనిషి పొద్దున టిఫిన్ తిని బయటికి పోతాడు, రాత్రికి వచ్చి పడుకుంటాడు. అందుకే అద్దె పడకకు కడతారు, గదిని ‘టూ షేరింగ్, త్రీ షేరింగ్’ అని పడకల లెక్కన పిలుస్తారు. పగటిపూట గదిలో ఎవరూ ఉండరన్న నమ్మకం మీద కిటికీ సైజు, ఇన్వర్టర్ శక్తి, ప్లగ్ పాయింట్ల సంఖ్య, భోజనాల గదిలో బల్లల సంఖ్య అన్నీ తేలాయి. 2020 మార్చిలో ఆ నమ్మకం తలకిందులైంది. హాస్టళ్లు ఒక్కసారిగా ఖాళీ అయి, తర్వాత నెమ్మదిగా మళ్లీ నిండాయి. మునుపు సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లు ఇప్పుడు చాలామంది పొద్దంతా గదిలోనే ఉంటున్నారు. గోడలు మాత్రం పాతవే.

కంపెనీల పని సులువు చేయడానికి ప్రభుత్వం వెనకాడలేదు. 2020 నవంబరు 5న టెలికాం శాఖ నిబంధనలు సడలించి, కాల్ సెంటర్ల వంటి సంస్థల సిబ్బంది ఇంటి నుంచి పనిచేసే దారి తెరిచింది. 2022 జులైలో ప్రత్యేక ఆర్థిక మండళ్ల నిబంధనల్లో 43ఎ చేర్చి అక్కడి ఉద్యోగుల్లో సగం మందికి ఆ వీలిచ్చింది. అదే ఏడాది డిసెంబరుకు అది అందరికీ అయింది. పన్ను విషయంలో ప్రభుత్వం కళ్లు హాస్టళ్ల మీద కూడా పడ్డాయి: 2024 జూన్‌లో జీఎస్టీ మండలి, నెలకు మనిషికి 20,000 రూపాయల దాకా అద్దె ఉండి కనీసం 90 రోజులు ఉండేవారికి పన్ను లేకుండా చేసింది. ఇవన్నీ మంచివే. అయితే ఈ వరుసలో ఎక్కడా, ఆ ఉద్యోగి రోజుకు తొమ్మిది గంటలు దేని మీద కూర్చుంటాడన్న ప్రశ్న రాలేదు.

ఆ ప్రశ్నకు కాస్త దగ్గరగా వచ్చింది బెంగళూరు. 2024లో అక్కడి మహానగర పాలిక పేయింగ్ గెస్టు వసతులకు నిబంధనలు పెట్టింది: మనిషికి 70 చదరపు అడుగుల చోటు, రోజుకు 135 లీటర్ల నీరు, సీసీ కెమెరాలు, కాపలా, వంటగదికి ఆహార భద్రత లైసెన్సు. ఒక హాస్టల్లో హత్య జరిగిన తర్వాత వచ్చిన నిబంధనలు కాబట్టి భద్రతకే పెద్దపీట వేయడం సహజం. అయినా ఆ 70 అడుగుల అంకె నాకు చాలా ఉపయోగపడింది. మా గదిని దాంతో కొలిచి చూశాను. 120 చదరపు అడుగుల్లో ముగ్గురం, అంటే తలకు 40. ఒక మంచానికి సుమారు 20, బీరువాకు 5, నాలుగడుగుల పొడవూ రెండడుగుల వెడల్పూ ఉన్న బల్లకు 8, కుర్చీ వెనక్కి జరుపుకోవడానికి 12 వేసుకున్నా 45 అడుగులవుతుంది. మా గదిలో నడిచే దారిని పూర్తిగా మరిచిపోయినా బల్ల పట్టదు. 70 ఉంటే బల్లా పడుతుంది, ఇంకో 25 అడుగులు మిగులుతాయి కూడా. అంటే బెంగళూరువారు తెలియకుండానే బల్లకు సరిపడే చోటు ఇచ్చేశారు, బల్ల ఉండాలని మాత్రం రాయలేదు. రాయకపోతే ఆ 25 అడుగుల్లో ఇంకో మంచం వస్తుందన్నది హాస్టళ్లలో ఉన్నవాళ్లెవరినడిగినా చెబుతారు.

చోటు తర్వాత గాలి. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తెస్తుందని చాలామంది అనుకుంటారు. తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కూర్చుని పనిచేసే మనిషి గంటకు సుమారు 18 లీటర్ల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వదులుతాడు. మా గదిలో ఉన్న గాలి దాదాపు 30,000 లీటర్లు. ముగ్గురం తలుపు, కిటికీ బిగించి, ఎక్కడా సందు లేకుండా కూర్చుంటే, బయట పది లక్షల పాళ్లకు 420 పాళ్లున్న ఆ వాయువు ఒక్క గంటలో 2,000 దాటుతుంది. గదిలో 1,000 పాళ్లు మించకుండా చూసుకోవాలన్నది నూరేళ్లకు పైగా నలుగుతున్న లెక్క. నిజంలో తలుపు కిందా కిటికీ అంచునా సందులుంటాయి కాబట్టి అంత తొందరగా పెరగదు, కానీ మధ్యాహ్నం మూడింటికి ముగ్గురికీ ఒకేసారి తల బరువెక్కి ఆవులింతలు వచ్చేవి. భోజనం అరగక అనుకునేవాళ్లం. కిటికీ తెరవవచ్చు కదా అంటారా? మా కిటికీ తెరుచుకునేది స్నానాల గదుల గొట్టాలు దిగే డక్టులోకి.

జాతీయ భవన నిర్మాణ సంహితలో వేడి, పొడి వాతావరణం ఉన్న ప్రాంతాల్లో గది వైశాల్యంలో పదో వంతు, వేడి, తేమ ఉన్న ప్రాంతాల్లో ఆరో వంతు కిటికీలకు వదలాలని ఉంది. అంటే మా గదికి తక్కువలో తక్కువ నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న కిటికీ కావాలి. కాగితం మీద ఉందేమో, నేను ప్లాను చూడలేదు. చీకటి డక్టులోకి తెరిచిన కిటికీ కొలతకు లెక్కే గానీ కంటికి లెక్క కాదు. పగలంతా ట్యూబులైటు కింద కూర్చున్నవాడికి మధ్యాహ్నం ఎప్పుడైందో, వాన ఎప్పుడు పడిందో తెలియదు. ఆఫీసుల్లో బల్ల మీద 300 నుంచి 500 లక్సుల వెలుతురు ఉండాలన్న ప్రమాణాన్ని ఏ హాస్టలు గదిలోనైనా ఫోనులోని యాప్‌తో ఉజ్జాయింపుగానైనా కొలిచి చూడమని పాఠకులను కోరుతున్నాను.

ఇక శబ్దం. నా మట్టుకు మెడనొప్పి కంటే, తలబరువు కంటే కష్టమైంది ఇదే. గట్టిగా అరిచే శబ్దానికి మనిషి అలవాటు పడతాడు. పక్క మనిషి ఫోనులో మాట్లాడుతుంటే ఒకవైపు మాటలు మాత్రమే వినపడతాయి చూడండి, ఆ సగం సంభాషణకు అలవాటు పడలేం. అవతలివాళ్లు ఏమన్నారో మన బుర్ర వద్దన్నా ఊహిస్తూనే ఉంటుంది. ఎదురు మంచం అమ్మాయి రోజుకు నలభై సార్లు ‘మీ ఇబ్బంది నాకు అర్థమైంది సర్’ అనేది. రాత్రి నిద్రలో కూడా నాకు అదే వినిపించేది. నా మీటింగులో నేను మాట్లాడుతుంటే తను చేతితో సైగ చేసేది, తను మాట్లాడుతుంటే నేను మైకు మూసుకునేదాన్ని. మేమిద్దరం ఒకరినొకరు ఇష్టపడిన మనుషులం, అయినా సాయంత్రానికి ఒకరి ముఖం ఒకరం చూసుకునే ఓపిక ఉండేది కాదు. చివరికి నేను మెట్ల మీద కూర్చుని మీటింగులు చేసేదాన్ని. ఆ హాస్టల్లో మెట్ల మీద నాలాంటివాళ్లు అంతస్తుకొకరు ఉండేవారు.

ఈ సమస్యకు హెడ్‌ఫోన్లు మందు కావు, అవి వినేవాడికే గానీ మాట్లాడేవాడికి పనికిరావు. కావలసింది అంతస్తుకు ఒకటో రెండో చిన్న ఫోన్ గదులు, నాలుగడుగుల నలుచదరం చాలు. అయితే వాటిని కట్టే తీరు ముఖ్యం. చాలాచోట్ల ప్లైవుడ్ పార్టిషన్‌ను ఫాల్స్ సీలింగ్ వరకు తెచ్చి ఆపేస్తారు; మాటలు ఆ సీలింగ్ మీదుగా పక్క గదిలోకి హాయిగా నడిచిపోతాయి. గోడ స్లాబుకు తగిలేదాకా లేవాలి, తలుపు కింద సందు రబ్బరు పట్టీతో మూయాలి, గాలికి చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాలి. గోడకు పరదాలు వేలాడదీస్తే గదిలో ప్రతిధ్వని తగ్గుతుందే తప్ప పక్క గదికి పోయే మాట ఆగదు. ఇది ఏ మేస్త్రీకైనా పావుగంటలో చెప్పగలిగే విషయం, ఖర్చు కూడా పెద్దది కాదు. ఎవరూ చెప్పరు కాబట్టి ఎవరూ కట్టరు.

తలుపు వేసుకునే ఆ చిన్న గది పనికోసమే అనుకోకండి. 2022 అక్టోబరులో కేంద్రం టెలీమానస్ పేరుతో 14416 అనే సహాయ నంబరు పెట్టింది. మనసు బాగోనివారు ఏ వేళలోనైనా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. చాలా మంచి పని. మా హాస్టల్లో ఒక అమ్మాయికి ఆ నంబరు నేనే ఇచ్చాను. ఇచ్చాక తెలిసింది, ఆ నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఆమెకు చోటు లేదని. గదిలో ఇద్దరు, మెట్ల మీద నలుగురు, డాబా మీద బట్టలు ఆరేసేవాళ్లు. ఆమె చివరికి ఎదురుగా ఉన్న పార్కులో కూర్చుని ఫోన్ చేసింది.

పనిలో ఒంటరితనం మాటకొస్తే నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది చైనాలో జరిగిన ఒక ప్రయోగం. సీట్రిప్ అనే ప్రయాణాల సంస్థ 2010 డిసెంబరు నుంచి తొమ్మిది నెలలపాటు షాంఘై కాల్ సెంటర్ ఉద్యోగుల్లో కొందరిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేయించింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు ఆ ఫలితాలను పరిశీలించారు. ఇంటి నుంచి చేసినవారి పని 13 శాతం పెరిగిందన్న మాటను అందరూ ఎత్తి చూపుతారు. ఎత్తి చూపని సంగతులు రెండున్నాయి. మొదటిది, పని వేళల్లో తమదంటూ ఒక గది ఉన్నవారినే ఆ ప్రయోగంలో చేర్చుకున్నారు. రెండోది, ప్రయోగం ముగిశాక మీ ఇష్టం అని వదిలేస్తే, ఇంటి నుంచి చేసినవారిలో దాదాపు సగం మంది మనసు మార్చుకుని ఆఫీసుకే తిరిగి వెళ్లారు. ఒంటరితనం వాళ్లు చెప్పిన పెద్ద కారణాల్లో ఒకటి. తలుపున్న గది ఉంటే పని బాగా సాగుతుంది, మనిషి ముఖం చూడకపోతే ఆ పని మీద మనసు నిలవదు. మన హాస్టలు గది ఈ రెంటిలో దేన్నీ ఇవ్వదు. తలుపు వేసుకునే వీలు లేదు, పక్కన మనుషులున్నా వాళ్లతో మాట్లాడే వీలూ లేదు, ఎందుకంటే వాళ్లు ఎప్పుడూ మరొకరితో మాట్లాడుతుంటారు. ముగ్గురున్న గదిలో ఒంటరిగా ఉండటం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

మా హాస్టల్లో మనుషులు నిజంగా కలిసే చోటు ఒకటుండేది, కింది అంతస్తులో భోజనాల గది. అరవై మందికి నాలుగు బల్లలు. టిఫిన్ పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, రాత్రి భోజనం మళ్లీ అవే గంటలు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదయ్యేసరికి మనకు ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర అవుతుంది. అంటే అమెరికా వాళ్లతో పనిచేసేవారికి సరిగ్గా అన్నం వేళకే మీటింగు. పళ్లెంలో వడ్డించుకుని గదికి తీసుకుపోయి, కెమెరా ఆపి, మంచం మీద లాప్‌టాప్ ముందు తినడం అలవాటైపోతుంది. పప్పు ఒలికిన కీబోర్డులు ఎన్నో చూశాను. ఒకసారి మా వంటమనిషి పిన్నిగారు విసుగొచ్చి, పది గంటల దాకా గిన్నెలు వేడిగా ఉంచుతాను, కిందే తినండి, పైకి తీసుకెళ్లకండి అన్నారు. ఎవరూ ఆమెను అలా చేయమనలేదు, యజమాని గ్యాసు ఖర్చని గొణిగారు కూడా. ఒక నెల తిరిగేసరికి తొమ్మిదిన్నరకు ఆ బల్లల చుట్టూ పదిహేను మంది తేలేవారు. నాకు ఆ మూడేళ్లలో దొరికిన స్నేహాలన్నీ ఆ అరగంటవే. ఏ వాస్తుశిల్పినీ పిలవకుండా, అరగంట సేపు గ్యాసు మండించి ఆవిడ చేసిన మార్పు అది. అందుకే అంటున్నాను, చోటును తీర్చిదిద్దడమంటే గోడల సంగతే కాదు, వేళల సంగతి కూడా.

మన పాత ఇళ్లను తలుచుకోకుండా ఉండలేను. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో నడుమ ఆకాశం కనిపించే ఖాళీ, చుట్టూ గదులు, వీధి వైపు అరుగు ఉండేవి. మండువా వల్ల ప్రతి గదికీ వెలుతురు, గాలి వచ్చేవి. గదిలోంచి బయటికి వస్తే ఎవరో ఒకరు కనిపించేవారు, మాట్లాడాలని లేకపోతే గదిలోకి పోవచ్చు. అరుగు మీద కూర్చున్న మనిషి ఇంట్లోనూ లేడు, వీధిలోనూ లేడు. పలకరిస్తే పలుకుతాడు, లేకపోతే లేదు. పనిచేసే మనిషికి కావలసింది సరిగ్గా ఇటువంటి మెట్టుమెట్టుగా సాగే ఏర్పాటు: పూర్తిగా తన ఒక్కడిదైన మూల, నలుగురు మౌనంగా పనిచేసుకునే గది, మాట్లాడుకునే వంటిల్లు, చివరగా వీధి. అయితే ఆ అరుగు మీద కూర్చోవడానికి ఊరందరికీ హక్కుండేది కాదన్న సంగతి మరిచి, పాత రోజులే బంగారమని పాడటం నాకిష్టం లేదు. హాస్టళ్లలో కులం అడగకుండా పక్క మంచం ఇస్తారు, కనీసం నేనున్నచోట ఇచ్చారు. ఆ మంచిని వదులుకోకుండా మండువా వెలుతురును తెచ్చుకోవాలి.

రాత్రి డ్యూటీలవారి విషయం ఇంకా చిక్కుది. కాలిఫోర్నియా వేళలకు పనిచేసేవారి రోజు మనకు రాత్రి తొమ్మిదిన్నరకో పదిన్నరకో మొదలవుతుంది. అటువంటివారిని, పగలు పనిచేసేవారిని ఒకే గదిలో వేయడం ఇద్దరికీ శిక్ష. రాత్రి ఒకరి తెర వెలుగు ఇంకొకరి కళ్లలో, పగలు ఇంకొకరి మాటలు మొదటివారి నిద్రలో. మంచాల కేటాయింపు అద్దెను బట్టి గాక పని వేళలను బట్టి చేస్తే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సగం గొడవలు తీరిపోతాయి. ఒక అంతస్తును రాత్రివారికి వదిలి, దాని కిటికీలకు మందపాటి తెరలు వేసి, తలుపుల మీద ‘నిద్ర’ అని రాసి పెడితే చాలు. మహిళా హాస్టళ్లలో రాత్రి పదింటికి గేటుకు తాళం వేయడం మామూలు. పదకొండుకు పని ముగిసిన అమ్మాయి పక్కవీధిలోని పని గది నుంచి తిరిగి రావాలంటే వార్డెన్‌తో బతిమాలుకోవాలి. కాబట్టి ఆడవారి విషయంలో పని గది అదే గేటు లోపల ఉండాలి, పక్కవీధిలో ఉంటే లేనట్టే.

ఇక చిన్న ఊళ్ల సంగతి. 2021లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామాల్లో డిజిటల్ లైబ్రరీలు కట్టి, అక్కడినుంచే ఉద్యోగాలు చేసుకునే వీలు కల్పిస్తామంది. 2025 ఫిబ్రవరిలో ఇప్పటి ముఖ్యమంత్రి, ముఖ్యంగా మహిళలకు ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున ప్రోత్సహిస్తామని, నగరాల్లో, పట్టణాల్లో, మండలాల్లో కూడా ఐటీ పని చోట్లు కట్టేవారికి రాయితీలిస్తామని ప్రకటించారు. కేరళ కొట్టారక్కరలో ఇంటికి దగ్గరలో పని అన్న పేరుతోనే ఒక కేంద్రాన్ని తలపెట్టింది. పోర్చుగల్‌లోని మదీరా దీవిలో పోంటా దొ సోల్ అనే చిన్న ఊరు 2021లో తన సాంస్కృతిక కేంద్రంలోనే బల్లలు వేసి, దూరంనుంచి పనిచేసేవారికి తెరిచింది. ప్రభుత్వాలు మారినా ఆలోచన మారలేదంటే అందులో పస ఉందన్నమాటే. నా భయమల్లా కట్టే తీరు గురించి.

మా ప్రాంతంలో ఒక పట్టణంలో అటువంటి పని కేంద్రం ఒకటి చూశాను. చల్లని హాలు, వరసగా బల్లలు, తళతళలాడే నేల. ఫోన్ గది ఒక్కటి లేదు. మూడు బల్లల అవతల ఎవరో ఇంటర్వ్యూ చేస్తుంటే ప్రశ్నలూ జవాబులూ నాకే వచ్చేశాయి. ఆడవారి మరుగుదొడ్డి రెండంతస్తుల కింద. రాత్రి ఎనిమిదికి తాళం, అంటే సగం మందికి పని మొదలయ్యే వేళకు తాళం. నాతోపాటు వచ్చిన స్నేహితురాలికి రెండేళ్ల బాబు. ఆమె ఒక రోజు వచ్చి మానేసింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి, 50 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న సంస్థ పిల్లల సంరక్షణ గది ఏర్పాటు చేయాలి. అయితే యాభై కంపెనీలకు చెందిన యాభై మంది ఒకే హాలులో కూర్చుంటే ఆ బాధ్యత ఎవరిది? ఏ ఒక్క కంపెనీదీ కాకుండా పోతుంది. మహిళల కోసం కేంద్రాలు కడతామంటున్న ప్రభుత్వం రాయితీ ఇచ్చే ముందు ఈ గది ఉందా లేదా చూడాలి. దగ్గరలో అంగన్‌వాడీ ఉన్న చోటును ఎంచుకోవడం ఇంకా తేలిక.

కొత్త భవనాల కంటే నాకు ఉన్న గ్రంథాలయాల మీదే ఆశ ఎక్కువ. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన నాటి నుంచి ఊళ్లో నలుగురూ కూర్చుని చదువుకునే చోటు అన్నది మనకు కొత్త ఊహ కాదు. ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతోంది. మా ఊళ్లో గౌతమీ గ్రంథాలయం ఉంది. ఆ చదువుల గదిలో కూర్చుంటే మనసుకు ఎంత నెమ్మదో చెప్పలేను, కానీ అక్కడ ఫోన్ ఎత్తితే తలలన్నీ నావైపు తిరుగుతాయి, తిరగాలి కూడా. శాఖా గ్రంథాలయాల ఆవరణల్లో, చదువరులకు భంగం కలగకుండా విడిగా రెండు మూడు ఫోన్ గదులు, ఎనిమిది బల్లలు, సాయంత్రం తర్వాత తెరిచే వేరే ద్వారం ఏర్పాటు చేస్తే, పట్టణానికొకటి చొప్పున ఈ పని జరిగిపోతుంది.

యజమానుల వైపు నుంచి ఒక ప్రశ్న వస్తుంది, అది న్యాయమైనదే: దీనికి డబ్బెవరిస్తారు? లెక్క వేద్దాం. అంతస్తుకు అయిదు గదులు, గదికి ముగ్గురు, మొత్తం పదిహేను పడకలున్న హాస్టల్లో ఒక గదిని పని గదిగా మారిస్తే పన్నెండు పడకలు మిగులుతాయి. అదే రాబడి రావాలంటే ఒక్కో పడక అద్దె పావు వంతు పెరగాలి. నెలకు 8,000 కట్టే అమ్మాయి 10,000 కట్టాలి. జీతం చాలక ఉన్నవారికి అది బరువే. ఆఫీసులు ఖాళీ చేసి అద్దె మిగుల్చుకున్న కంపెనీలు ఆ 2,000 రూపాయలు కుర్చీ భత్యంగా ఇవ్వడంలో తప్పేముంది? వాళ్లు ఆఫీసులో నాకోసం కుర్చీ, బల్ల, ఏసీ, మంచినీళ్లు, కాపలా పెట్టేవారు కదా. ఆ భారం నా మంచం మీదికి దింపి, ఇంటర్నెట్ బిల్లు మాత్రం తిరిగి ఇస్తామంటే చాలదు. పైగా కొన్నిచోట్ల కెమెరా ఎప్పుడూ తెరిచే ఉంచాలంటారు. ఆ కెమెరాలో నేను మాత్రమే కనిపించను. వెనక మంచం మీద నిద్రపోతున్న, తల దువ్వుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు కూడా కనిపిస్తారు. వాళ్లు ఆ కంపెనీలో ఉద్యోగులు కారు, వాళ్ల అనుమతి ఎవరూ అడగలేదు.

కాబట్టి రెండు రాష్ట్రాల మున్సిపల్ శాఖలకు నా విన్నపం ఇదీ. హాస్టల్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు పడకల సంఖ్యతోపాటు పనిచేసుకునే కుర్చీలు ఎన్నో, తలుపున్న ఫోన్ గదులు ఎన్నో, ఆకాశంలోకి తెరిచే కిటికీలు ఎన్నో అడగండి. ఉన్నది రాసి, హాస్టల్ గేటు దగ్గర బోర్డు మీద పెట్టమనండి. మొదట్లో జరిమానాలు కూడా అక్కర్లేదు. నెల అద్దె, అడ్వాన్సు, మెయింటెనెన్స్ కోత ఎంతో చూసుకుని చేరే పిల్లలు ఇది కూడా చూసుకుంటారు. మూడు మంచాలకు మూడు బల్లలు పట్టని గదిని మూడు పడకల గదిగా నమోదు చేయకండి.

మా వీధి చివర ఒకాయన తన మేడ మీది రెండంతస్తులను ఉద్యోగులకు అద్దెకిచ్చే ఉద్దేశంతో మార్పులు చేయిస్తున్నారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తానని తెలిసి, ఏమమ్మా, కుర్రాళ్లకు ఏం కావాలంటావు అని అడిగారు. కొలతలు వేసి ఒక కాగితం మీద రాసిచ్చాను. తూర్పు గోడలో కిటికీ పెద్దది చేయడానికి, రాత్రి పదిన్నర దాకా వంటిల్లు తెరిచి ఉంచడానికి వెంటనే ఒప్పుకున్నారు. ఇంటర్నెట్ రెండు కంపెనీల నుంచి తీసుకోవడానికీ ఒప్పుకున్నారు. మెట్ల పక్కన ఉన్న సామాన్ల కొట్టును ఫోన్ గదిగా మార్చడం దగ్గర మాత్రం ఆగారు, అక్కడ నాలుగో మంచం పడుతుందేమోనని మేస్త్రీ అన్నాడట. వచ్చే ఆదివారం ఆయనతో మళ్లీ మాట్లాడబోతున్నాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని,
రాజమహేంద్రవరం.